అక్క అసలేమంది?

ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే కొట్టు నడపగలరా అంటే, భేషుగ్గా నడపగలరు. కావలసిందల్లా చెరో ఫోను.

కొట్టంటే పటాలు కట్టే కొట్టు. ముందు గదిలో చెల్లెలు గాజు కోస్తుంది, వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది. వెనక గదిలో అక్క చెక్కపట్టీలు కోసి, మూలలు అతికి, చట్రాలు బిగిస్తుంది. మధ్యలో ప్లైవుడ్ అడ్డగోడ. తండ్రి ఉన్న రోజుల్లో ఆ గోడ లేదు. ఆయన పోయాక ఇద్దరూ రోజూ జుట్లు పట్టుకునేంత పని చేస్తుంటే, కనీసం మొహాలు కనబడకుండా ఉంటాయని అక్క మొగుడు కట్టించాడు. మొహాలు కనబడకపోతే గొంతులు లేస్తాయని ఆ మహానుభావుడికి తోచలేదు. వీధి చివర చెప్పులు కుట్టే అతనికి కూడా వాళ్ళ కొట్లో ఆ రోజు ఏ పటానికి ఏ రంగు అట్ట వేస్తున్నారో తెలిసిపోయేది.

చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటారు. నలభై దాటినా, చెవుల పక్కన జుట్టు నెరిసినా చిన్నదే. పెళ్ళి వద్దనుకుంది, కొట్టు పైన గదిలో ఉంటుంది. ఆమెకో జబ్బు. ఏ బొమ్మ చేతికిచ్చినా ముందు తిప్పి వెనక చూస్తుంది. ఎవరైనా తాతల కాలం నాటి ఫొటో తెస్తే, అందులో ఎవరున్నారో చూడదు. వెనక అట్ట ఎప్పటిది, మేకులు ఎవరు పీకి మళ్ళీ కొట్టారు, మధ్యలో ఏ కాగితం దూర్చారు అని చూస్తుంది. "బొమ్మ ఇటువైపుందమ్మా" అని వాళ్ళు గుర్తు చేయాల్సి వచ్చేది.

అక్క వేరు. అక్క అతికిన మూలలో వెంట్రుక దూరదు. కానీ నోరుందే, అది రంపం కన్నా పదును. "కళ్ళు నెత్తికెక్కాయా", "చేతులా అవి, చీపురుకట్టలా" అనడం ఆమెకు పలకరింపు కింద లెక్క. చిన్నది ఊరుకునే రకమా? గోడకిటువైపు నుంచి మాటకు మాట అప్పజెప్పేది. సాయంత్రానికి ఇద్దరూ చల్లబడి టీ తాగేవాళ్ళు. మళ్ళీ పొద్దున్నే మామూలే.

ఒకరోజు ఒక పెద్దాయన వాళ్ళమ్మ ఫొటో పటం కట్టించడానికి తెచ్చాడు. చుట్టూ వేసే అట్ట బూడిద రంగుదా, గోధుమ రంగుదా అన్న దగ్గర మొదలై, చిన్నప్పుడు ఎవరు ఎవరి గౌను చింపారన్న దాకా వెళ్ళింది వ్యవహారం. ఆయన కాసేపు గోడకేసీ, కాసేపు చిన్నదాని మొహంకేసీ చూసి, ఫొటో చంకలో పెట్టుకుని, "మీరు తేల్చుకున్నాక వస్తానమ్మా" అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

అప్పుడు బావ కలగజేసుకున్నాడు. బావ నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాసే గుమాస్తా. జనం ఫోన్లో దంచిన తిట్లన్నీ మర్యాదగా మార్చి పై అధికారికి పంపాలి, పై అధికారి విసుగంతా మర్యాదగా మార్చి జనానికి పంపాలి. కొన్నాళ్ళుగా ఈ పనంతా ఫోనులోని ఏఐకి అప్పగించి హాయిగా ఉన్నాడు. దానికి రాయబారి అని పేరు కూడా పెట్టాడు. అదే రాయబారిని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టి, "ఇకమీదట ఏం చెప్పుకోవాలన్నా ముందు దీనికి చెప్పండి. నొప్పించకుండా రాసిస్తుంది. అదే పంపుకోండి. ఒక నెల చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం, నా కర్మ" అన్నాడు.

మొదటిరోజు ముగ్గురూ కూర్చుని పరీక్షించారు. అక్క ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "నిన్న అది కోసిన గాజు అంచులు రంపంలా ఉన్నాయి, నా వేలు తెగింది, దాని పొగరు తగలెయ్య" అంది. రాయబారి రాసింది: "ప్రియమైన చెల్లీ, నిన్నటి గాజు అంచులను మరికాస్త నునుపు చేస్తే ఇద్దరికీ భద్రంగా ఉంటుంది. నీ శ్రమకు కృతజ్ఞతలు."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. కానీ ఆ రోజే చిన్నది గాజు అంచులన్నీ కూర్చుని రుద్దింది. అక్క నోటితో చెప్పి ఉంటే చచ్చినా రుద్దేది కాదు.

అలా అలవాటైపోయింది. నెల అనుకున్నది ఎండలు వచ్చి వెళ్ళి వానలు పడేదాకా సాగింది. కొట్టు ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా ఉందని చెప్పులు కుట్టే అతను ఒకసారి వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళాడు. గోడకు అటు అక్క ఒక్క వేలితో ఫోను పొడిచే చప్పుడు, ఇటు చిన్నది ఫోను గుయ్యిమనే చప్పుడు, అంతే. వెనక గదిలో లైటు ఆర్పమని చెప్పడానికి కూడా రాయబారే. ఇంటికెళ్ళాక కూడా అక్క దాన్ని వదల్లేదు. "ప్రియమైన భర్తగారికి, చెత్తబుట్ట విషయమై మీ దృష్టికి తీసుకురావలసినది ఏమనగా" అని బావకే వచ్చింది ఒకరోజు. తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డాడు పాపం.

చిన్నదానికైతే అది రాయబారిగానే మిగల్లేదు. పొద్దున్న టీ కప్పు పక్కన ఫోను ఉండాల్సిందే. గాజును అంచువైపు నుంచి చూస్తే ఎందుకు పచ్చగా కనబడుతుంది, పాత కాగితం ఎందుకు పసుపెక్కుతుంది, చెక్క వానాకాలం ఎందుకు ఉబ్బుతుంది, ఇలా అడుగుతూ కూర్చునేది. అది ఓపిగ్గా చెప్పేది. ఇనుము వల్ల ఆ పచ్చదనమని తెలిసిన రోజు ఆమెకు పండగే. వెనక గదిలోకి పరుగెత్తి చెబుదామని లేచి, గోడ దగ్గర ఆగిపోయింది. మాట్లాడుకోని కొట్లో, గాజులో ఇనుముందని ఎలా మొదలుపెట్టాలి? రాయబారితో రాయించి పంపింది. "ఆసక్తికరమైన సమాచారం, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. బడి హాల్లో పెట్టే పెద్ద గ్రూపు ఫొటో పని పడింది. అక్క దగ్గర్నుంచి, "గాజు కొలతల విషయంలో వీలున్నప్పుడు కాస్త వెసులుబాటు పాటిస్తే సంతోషం" అని వచ్చింది. వీలున్నప్పుడు అంటోంది కదా, ఇప్పుడేం తొందర అనుకుని చిన్నది ఎప్పటిలాగే చట్రానికి సరిగ్గా కోసింది. వానలకు ఉబ్బిన చెక్క గాడిలో ఆ గాజు దిగలేదు. నొక్కితే మూల విచ్చుకుంది, గాజు రెండు ముక్కలైంది. తర్వాత బావ ఆరా తీస్తే, అక్క మొదట అన్నది ఇదని తేలింది: "గాడిలో గాజు ఆడాలే, నలువైపులా కాస్త తగ్గించి కొయ్యమని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా, చెవిటిదానా."

"అలా ఏడిస్తే ఒక్క ముక్కలో తెలిసేది కదా" అంది చిన్నది బావతో. ఆ మాట అక్కకు రాయబారి ద్వారా ఎలా చేరిందో ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా చిత్రశాల నుంచి ఒకావిడ వచ్చింది. ఊరికి అటు చివర ఉందది, ప్రభుత్వానిది, పెద్ద మేడ. పాత చిత్రాలకు చట్రాలూ గాజులూ మార్చే గది ఒకటుందట అందులో, చూసుకునే మనిషి లేరట. ఆవిడ ఏదో చిన్న పని మీద వచ్చి, చిన్నది ఒక బొమ్మను తిప్పి వెనక అట్టను గోరుతో మీటి చూడడం గమనించింది. నాలుగు ప్రశ్నలు వేసింది. మళ్ళీ వారం వచ్చి, "మా దగ్గరకొస్తారా?" అంది. "వందల బొమ్మలున్నాయి. చాలావాటి వెనక ఏముందో మేమే చూడలేదు. సోమవారం సాయంత్రంలోపు చెప్పండి. తర్వాత ఇంకొకరిని తీసుకోవాల్సి ఉంటుంది" అంది. ప్లైవుడ్ గోడ కనుక ఆ మాటలు అక్కకూ వినబడే ఉంటాయి.

ఎవరూ తిప్పి చూడని బొమ్మలు వందలు. ఆ మాట విన్నాక చిన్నదానికి రెండు రోజులు గాజు మీద గీత వంకరపోయింది.

కానీ అక్క? కొట్టు ఇద్దరిది. చట్రం ఒకరిది, గాజు ఒకరిది. ఒకరు లేచి వెళ్ళిపోతే రెండోవాళ్ళకు మిగిలేది సగం పని. అక్క ఉండమంటే ఉండిపోతుంది, అందులో సందేహం లేదు. వెళ్ళమంటే వెళ్తుంది. ఏదీ అనకపోతేనే చావు.

గురువారం ఆమె రాయబారి ముందు కూర్చుని ఇలా కొట్టింది: "అక్కా, చిత్రశాల వాళ్ళు పనికి రమ్మంటున్నారు. నాకు వెళ్ళాలని చచ్చేంత ఉంది. నువ్వొక్కదానివీ ఎలా నెట్టుకొస్తావోనని భయంగా ఉంది. నన్ను వెళ్ళమంటావా, వద్దంటావా?"

రాయబారి సవరించి ఇచ్చింది: "ప్రియమైన అక్కా, నాకు వృత్తిపరంగా ఒక మంచి అవకాశం వచ్చింది. ఈ విషయంలో నీ అభిప్రాయం నాకెంతో విలువైనది. నీకు వీలైనప్పుడు తెలియజేయగలవు."

చచ్చేంత ఎటు పోయిందో, భయం ఎటు పోయిందో. పోయాయని చిన్నదానికి కనబడింది కూడా. అయినా అదే పంపింది. ఎందుకంటే అలా పంపడం సుఖం. చేతికి గ్లౌజు వేసుకుని గాజు పట్టుకున్నట్టు, ఎక్కడా తెగదు.

మామూలుగా అక్క జవాబు టీ చల్లారేలోపు వస్తుంది. ఆ రోజు రాలేదు. శుక్రవారమూ రాలేదు. గోడ అవతల చెక్క కోసే మిషను ఆగకుండా తిరుగుతూనే ఉంది. శనివారం కొట్టు కట్టేసే వేళకు వచ్చింది.

"చెల్లీ, చిత్రశాల పని నీకు తగిన పని. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నాకు సమ్మతమే. కొట్టు గురించి బెంగ పెట్టుకోకు. నీకు మంచి జరగాలన్నదే నా కోరిక."

చిన్నది దాన్ని అక్కడే నిలబడి చదివింది, మెట్లెక్కుతూ చదివింది, గదిలో కూర్చుని చదివింది. ఎంత చదివినా అందులో అక్క దొరకలేదు. సమ్మతమట. అక్క తన జన్మలో సమ్మతం అన్న మాట వాడి ఉంటే ఒట్టు. ఇది పైకి కనబడే బొమ్మ. వెనక ఏముంది? అక్క ఆ ఫోనులో మొదట ఏమని కొట్టింది?

ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది. ఇంకేముంది, పాత అట్ట కనబడితే గోరు పెట్టకుండా ఉండలేని మనిషి. ఆదివారం పొద్దున్నే రాయబారిని నిలదీసింది.

"మా అక్క నీకు ఏం చెప్పింది?"

"మీ అక్కగారి సంభాషణ నాకు కనబడదు. నాకు తెలిసింది మీరు నాతో చెప్పినది మాత్రమే. ఆమెనే నేరుగా అడగడం మంచిదేమో" అంది అది.

"అడగగలిగితే నీతో నాకేం పని" అని కొట్టి, మళ్ళీ దానికెందుకు కోపమని చెరిపేసింది.

అప్పుడొక ఉపాయం తట్టింది. అక్క అనగల మాటలన్నీ తనే దానికి చెబితే? ఏ మాట పెడితే ఈ జవాబు బయటికొస్తుందో, అదే అక్క అన్న మాట. చిన్నది టీ పక్కన పెట్టేసి, కాళ్ళు మఠం వేసుకుని కూర్చుంది. అక్క గొంతు ఆమెకు కొత్తా? పుట్టినప్పటినుంచీ వింటున్నదే.

ముందు ఇది పెట్టింది: "పోతే పో. నువ్వు లేకపోతే తెల్లారదా ఏం? ఇది అక్క చెల్లెలితో అన్న మాట అనుకుని, నొప్పించకుండా రాసివ్వు."

"ప్రియమైన చెల్లీ, నీ నిర్ణయాన్ని పూర్తిగా గౌరవిస్తాను. ఇక్కడి పనుల గురించి ఆందోళన వద్దు. నీకు శుభం కలగాలి."

చిన్నది అక్క పంపినదాన్ని మళ్ళీ తీసి పోల్చి చూసింది. దాదాపు అదే. అంటే అక్క పొమ్మందా? కానీ ఒక్క మాటతో తేల్చేస్తే ఎలా అని, ఇంకోటి పెట్టింది: "నాన్న కొట్టు నా నెత్తిన పడేసి ఊరేగడానికి పోతావా, సిగ్గుండాలి."

"ప్రియమైన చెల్లీ, నాన్నగారి కొట్టుతో మనిద్దరికీ ఉన్న అనుబంధం నీకు తెలిసిందే. అయినా నీ ఎదుగుదలే నాకు ముఖ్యం. నీ నిర్ణయం ఏదైనా సమ్మతమే."

ఇదీ దాదాపు అదే. సమ్మతం కూడా వచ్చేసింది. చిన్నదానికి నవ్వొచ్చింది, భయమూ వేసింది. "దిక్కుమాలిన రంపప్పొట్టు నీ ఊపిరితిత్తుల్లోకైనా పోకుండా ఉంటుంది, పో" అని పెట్టింది. "నీ ఆరోగ్యమే నాకు ముఖ్యం" అని వచ్చింది. "నీ మొహం చూడకుండా పీడా విరగడవుతుంది" అని పెట్టింది. "కొంత దూరం బంధాలకు మేలు చేస్తుంది" అని వచ్చింది. మధ్యాహ్నం దాటింది. తినడం మర్చిపోయింది. అక్క తిట్లన్నీ అయిపోయి, తనకు తెలిసిన ఇరుగుపొరుగు తిట్లు కూడా అయిపోయాయి.

ఆఖరికి ఒకటి కొట్టింది: "వెళ్ళకే. నువ్వు లేకపోతే నాకేం తోస్తుంది."

"ప్రియమైన చెల్లీ, నీ తోడు నాకెంతో విలువైనది. అయినా నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నా అండ ఉంటుంది."

చిన్నది ఫోను బోర్లా పెట్టింది. ఇన్ని తిట్లలోనూ అక్క గొంతు ఆమెకు చెవిలో వినబడింది. ఈ ఒక్కదానిలో వినబడలేదు. అది అక్క అనగల మాట కాదు. తను వినాలనుకున్న మాట. పొమ్మన్నా ఉండమన్నా ఈ రాయబారి చేతిలో పడితే ఒకే పిండి, ఏ గింజ వేశారో కనుక్కోవడం దాన్ని చేసినవాడి తరం కూడా కాదు. ఏడుపొచ్చింది ఆమెకు, పొద్దుటినుంచీ ఇంత పని పెట్టుకుని ఇదా తేలింది అని.

సోమవారం కొట్టు తెరవకుండానే బావ ఆఫీసుకు వెళ్ళింది. బావ కౌంటరు వెనక, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఎవరి తిట్లో వింటూ తల ఊపుతున్నాడు. మరదల్ని చూసి ఇయర్‌ఫోను తీశాడు.

"ఏం మరదలా, మా నీళ్ళు రావట్లేదా?"

"అక్క నాకు పంపింది చూశారా బావా?"

"ఏం పంపింది?"

చూపించింది. బావ కళ్ళజోడు పైకి తోసి చదివి, పెదవి విరిచాడు. "చక్కగా ఉంది. మా ఆఫీసు జవాబులా ఉంది. పై అధికారి చూస్తే సంతకం పెట్టేస్తాడు."

"అదే నా ఏడుపు. అసలు ఏమని చెప్పి ఉంటుంది దానికి?"

బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకేం తెలుసమ్మా. గురువారం నుంచీ ఆవిడకి మాటా పలుకూ లేదు. చూస్తే వంటింట్లో పీట మీద కూర్చుని ఫోను పొడుస్తూ ఉంటుంది. నేను మంచినీళ్ళకెళ్తే బోర్లా పెట్టేస్తుంది. రెండు రోజులు అదే వరస."

"రెండు రోజులా?"

"అంతసేపు కొట్టిందంటే ఏ రేంజిలో తిట్టిందో ఊహించుకో. నాకే జాలేసింది, ఆ రాయబారి మీద."

చిన్నది నవ్వలేదు. రెండు రోజుల తిట్లు. తన మీద అక్కకు అంత ఉందా? ఉంటే ఉండనీ. ఆ తిట్లేవో నెత్తిన వేసుకుంటే కనీసం తెలుస్తుంది. బస్సులో వస్తూ ఆమె ఒకటి గట్టిగా అనుకుంది: ఆ ఫోను లాక్కునైనా సరే చూడాలి. సాయంత్రానికి జవాబు చెప్పాలి. వెళ్ళేదీ మానేదీ అక్క అసలు మాట మీదే ఉంది.

కొట్టుకొచ్చి, ముందు గది తలుపు కూడా తెరవకుండా, పక్క సందులోంచి వెనక గదిలోకి వెళ్ళింది. అన్ని నెలల తర్వాత అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. రంపప్పొట్టు చెప్పుల కింద మెత్తగా ఉంది. అక్క మిషను మీదికి వంగి ఒక పట్టీని ఏటవాలుగా కోస్తోంది. తల ఎత్తి చూసింది. మిషను ఆపలేదు.

"ఫోను ఇలా ఇవ్వు" అంది చిన్నది గట్టిగా, చప్పుడు మీద వినబడేలా.

"ఎందుకు?"

"శనివారం నాకు పంపావే, దానికి నువ్వు మొదట ఏమన్నావో చూడాలి."

"దేనికి?"

"రాయబారికి."

అక్క మిషను ఆపింది. గది ఒక్కసారిగా బోసిపోయింది. "దానికేం చెప్పలేదు" అంది.

అబద్ధాలాడకు అనబోయి చిన్నది ఆగిపోయింది. అక్కలో సవాలక్ష వంకలున్నాయి గాని, ఆ నోట అబద్ధం మాత్రం ఏనాడూ రాలేదు. వచ్చే నోరైతే ఇన్ని గొడవలే ఉండేవి కావు.

"మరెవరు రాశారు?"

"నేను."

"సమ్మతం అనీ, బెంగ పెట్టుకోకు అనీ, నువ్వే?"

"నేనే. ఏం, నాకు రాయడం రాదా? నువ్వొక్కదానివే చదువుకున్నావా?" అని, అక్క ఎప్పటిలా అందుకోబోయి, ఎందుకో తగ్గింది. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకుంటూ చెప్పింది. "అది నీ పేరుతో రోజూ రాసేది. ప్రియమైన అక్కా, నీ శ్రమకు కృతజ్ఞతలు అని. అది రాసేదని నాకు తెలుసు. తెలిసీ చదువుకునేదాన్ని. మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్ళీ తీసి చదువుకునేదాన్ని. మనం పుట్టి బుద్ధెరిగాక నువ్వెప్పుడైనా నాతో అలా అన్నావా? నేనన్నానా?"

చిన్నది బల్ల మీది పట్టీ ముక్కొకటి తీసి, తిప్పి వెనక చూసింది.

"నువ్వు వెళ్ళే మాట ఎత్తినప్పుడు, ఈ ఒక్కటీ దాని చేత రాయించకూడదు అనిపించింది. నేనే రాయాలి, అలా రాయాలి అనిపించింది. ఏది రాసినా తిట్టులాగే వచ్చింది. ఎన్నిసార్లు చెరిపానో. ఆ నాలుగు ముక్కలకు రెండు రోజులు పట్టింది. చదివాక నీకేమనిపించింది?"

"అదే రాసిందనుకున్నాను."

అక్క నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "అంత బాగా కుదిరిందన్నమాట" అంది.

చిన్నదానికి తనను తను లెంపలు వాయించుకోవాలనిపించింది. నిన్నంతా కూర్చుని అక్క నోట్లో ఎన్ని తిట్లు పెట్టిందో. ఒక్కటంటే ఒక్కటి మంచి మాట పెట్టి చూసిందా? ఆఖర్న పెట్టినదాన్ని కూడా అక్కది కాదని తోసేసింది. ఆ మనిషి జన్మలో మొదటిసారి పనిగట్టుకుని మెత్తగా మాట్లాడితే, వెనక ఏముందా అని గోకుతూ కూర్చుంది. వెనక ఏమీ లేదు. ఉన్నదంతా పైనే ఉంది.

"అయితే నేను వెళ్ళాలనే ఉందా నీకు?" అంది.

"లేదు."

"మరి అలా ఎందుకు రాశావు?"

"ఉండమంటే ఉండిపోతావు కనుక. నీ సంగతి నాకు తెలియదా? ఉండిపోయి, రోజూ ఆ గాజు ముందు నిలబడి, నోరెత్తవు. నేనొకదాన్ని గోడ అవతల కూర్చుని నీ బతుకు కోసేస్తున్నట్టు ఉంటుంది నాకు. అది నావల్ల కాదు." కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అన్నట్టు మెడ కూడా తుడిచింది. "ఉండమని రాయడం చాలా తేలిక. అది మొదటి రోజే వచ్చేసింది. చెరపడానికే అంతసేపు పట్టింది."

చిన్నది అక్క పక్కన, పట్టీల కట్ట మీద కూర్చుని ఏడ్చింది. అక్క ఓదార్చలేదు. అలాంటివి ఆమెకు రావు. కాసేపు చూసి, "ఆ పట్టీలు ఖరీదైనవి, లే" అంది. చిన్నది ఏడుస్తూనే లేచి నిలబడింది.

"నువ్వొక్కదానివీ ఏం చేస్తావు?"

"గాజు కోసే మనిషిని పెట్టుకుంటాను. నీలా ఎదురు చెప్పని మనిషిని."

"నీతో ఎవరు వేగుతారు?"

"అది నా తలనొప్పి. సాయంత్రమంటే సాయంత్రం దాకా లాగుతావా? చేయి వాళ్ళకి ఫోను. నా ఎదురుగా చేయి. మళ్ళీ ఆ రాయబారితో రాయించి పంపావంటే కాళ్ళిరగ్గొడతాను."

చిన్నది అక్కడే నిలబడి నంబరు నొక్కింది. అక్క మిషను పక్కన చేతులు కట్టుకుని, ఇంకెటో చూస్తూ, చెవులు మాత్రం ఇటే పెట్టింది. అవతల చిత్రశాల ఆవిడ ఎత్తింది.

"వస్తానండి" అంది చిన్నది. "పనికి వస్తాను."

ఆవిడ సంతోషపడి ఏదో చెబుతుండగానే, అక్క గోడలదిరేలా అందుకుంది. "దానికి పొగరెక్కువని చెప్పు. తిండి వేళకు తినదని చెప్పు. గాజు పనిలో మాత్రం దాన్ని మించిన చేయి వాళ్ళకు ఎక్కడా దొరకదని చెప్పు. నేను చెప్పానని చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ మాట చిన్నది వినడం ఇదే మొదలు.

"వెనకాల ఎవరండీ అంత గట్టిగా?" అంది అవతల ఆవిడ, కాస్త బెదురుగా.

"మా అక్కండీ" అంది చిన్నది. "నేను రావడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే పంపిస్తోంది."

ఆవిడకు అది అర్థం కాలేదు. ఎప్పుడు వచ్చి చేరతారని అడిగింది.